చిరుపొట్ట

వరిచేను ఈనుటకు కొన్నాళ్ళు ముందుగా, పిలక మొదటిని బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నుంచి మెల్లగా నొక్కి చూచి, లోపల కంకి కట్టినదో లేదో, కట్టినచో ఇంకెన్ని దినములకు వెలికి వచ్చునో చెప్పగల రైతులు నాగావళి కిరుగడలను, వంశధార యొడ్డునను, చంపావతి తీరమునను నేటికిని ఉన్నారు. ఆ దశను వారు చిరుపొట్ట యందురు. కడపటి విడత యెరువు చల్లుటయు, మడిలో నీరు తరుగకుండ కాచుకొనుటయు ఆ వ్రేళ్ళు చెప్పినదానిని బట్టియే జరుగును. కంటికి కంకి కనబడిన పిమ్మట చేయదగిన పనులు మిక్కిలి కొలది యని వారెఱుగుదురు. ఈ యధ్యాయమున నేను చెప్పబోవు దంతయు ఆ వ్రేళ్ళ నేర్పును వరిమడి నుండి పచ్చికబయలునకు కొనిపోవుటను గూర్చియే. గోల్ఫు మైదానము నేలువారికి గాని, కళాశాల ఆటస్థలమును కాచువారికి గాని, ఇంటిముంగిట నాలుగు గజముల గరిక పెంచుకొనువారికి గాని, కలుపుగడ్డి పూతను అణచు విద్యకు వేఱు ప్రవేశద్వారము లేదు.

మన ప్రాంతమునకును గోల్ఫునకును సంబంధమేమి యని కొందఱు ప్రశ్నింపవచ్చును. 1950 ఆగస్టు 15 నాడు శ్రీకాకుళము జిల్లా యేర్పడు వఱకును, 1979 జూన్ 1 నాడు విజయనగరము జిల్లా యేర్పడు వఱకును, ఈ నేలలో పెక్కుభాగము విశాఖపట్టణపు పెద్దజిల్లాలోనిదే. విశాఖ సముద్రతీరమున ఆంగ్లేయులు తమతో తెచ్చుకొన్న ఆ క్రీడ నేటికిని ఈస్ట్ పాయింట్ మైదానమున నిలిచియున్నది. మన దేశమున దాని చరిత్ర 1829లో స్థాపితమైన కలకత్తా క్లబ్బునకు ముట్టును. విజయనగరమున మాత్రము పచ్చికపై మక్కువ క్రికెట్టు రూపమున వెలసినది. 1936లో భారతజట్టునకు నాయకుడై ఇంగ్లండు వెళ్ళిన విజ్జీ ఈ సంస్థానపు రాజకుమారుడే. ఆ యేడే, భూగోళమున కావలివైపున, అమెరికాలోని జార్జియా రాష్ట్రపు టిఫ్టన్ అను చిన్నపట్టణమున గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు గడ్డిజాతులపై పరిశోధనకు ఉద్యోగమున చేరెను. మనము వినాయకచవితి నాడు జంటలు జంటలుగా గిల్లి స్వామికి సమర్పించు గరికనే ఆయన ఆఫ్రికాలోని దాని చుట్టపు గడ్డితో సంకరము చేసి, 1956లో టిఫ్‌గ్రీన్ అనియు, పిదప 1965లో టిఫ్‌డ్వార్ఫ్ అనియు పేరుగల సన్నని పచ్చికలు వెలువడుటకు కారకుడయ్యెను. మన దేశపు పలు గోల్ఫు మైదానములలో బంతిగుంటచుట్టును పఱచిన తివాసి ఆ గరికయే.

ఈ సంకరపు గరికకు మొలకెత్తు విత్తు లేదు. కాడలు తుంచి నాటుకొనవలసినదే. ఈ యొక్క విషయము మనసున నాటుకొన్నచో సగము పని తేలికయగును. ఏలయన, అట్టి పచ్చికలో విత్తునుండి మొలిచిన గడ్డిపోచ ఏది కనబడినను అది పరాయిది. నాటుగరిక పఱచిన ఆటస్థలములలో ఈ తేట లేదు. అచట స్వకీయమెద్దియో పరకీయమెద్దియో ఆకుచూచి, కాడచూచి గుర్తెఱుగవలెను.

పూతవలన గోల్ఫునకు కలుగు హాని కొలతలతోనే బోధపడును. బంతి వ్యాసము 42.67 మిల్లీమీటర్లకు తగ్గరాదు, బరువు 45.93 గ్రాములకు మించరాదు. అంత చిన్నబంతిని మెల్లగా నెట్టి గుంటలోనికి దొర్లించు చోట పచ్చికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తునకు కోయుదురు. ఆ నున్నని తలముపై ఒక కలుపుమొక్క కంకి వెడలించినచో, దాని కాడ చుట్టుగరికకంటె గట్టిదై, బిరుసై, బంతిని పక్కకు త్రిప్పును. కంకులు గుంపుగా వచ్చిన తావు తెల్లబాఱి మచ్చవలె కనబడును. మొక్క తన యాహారమునంతయు గింజకు తరలించును గనుక ఎండ ముదిరినంతనే ఆ తావు వాడి, క్రింద మన్ను బయల్పడును. ఆ బయలు మంటిపైననే ఆ గింజలు రాలును. గోల్ఫెఱుగని పల్లెమైదానమునను వరుస యిదియే. అచట చెడునది బంతిగతి కాదు, పరుగెత్తు పిల్లవాని పాదమునకు మెత్తదనము.

ఈ విషయమును పుస్తకములలో వెదకిన తెలుగువానికి మొదట ఎదురగు చిక్కు ఒకటి గలదు. ఆంగ్లమున పచ్చిక పూతను గూర్చి వ్రాసినవారిలో పెక్కుమంది పోవా అను చలిగడ్డిని గూర్చియే వ్రాసిరి. పెన్సిల్వేనియాలోని ఓక్‌మాంట్, కాలిఫోర్నియా తీరమందలి పెబుల్ బీచ్ వంటి సుప్రసిద్ధ మైదానములలో గుంటచుట్టును ఉన్నది ఆ గడ్డియే. అచట అది కలుపు అను పేరు పోగొట్టుకొని పచ్చికయే యైనది. కోతకత్తి ఎంత క్రిందికి దింపినను అది కత్తికి దిగువనే పూచి గింజ కట్టగలదు. దాని పూతను అణచుటకు వారు వసంతారంభమున, కంకి కాడలోపల రూపొందుటకు పూర్వమే, ఎథిఫాన్ మున్నగు మందులు చల్లుదురు. కంకి రూపొందిన తరువాత చల్లినచో డబ్బు నేలపాలగుటయే. ఎథిఫాన్ మనకు క్రొత్తపేరు కాదు. మొక్కలో ప్రవేశించి ఇథిలీను వాయువును విడుచునట్టి ఈ ద్రవమును అనాసతోటలలో పూత ఒక్కమాఱుగా వచ్చుటకై వాడుట కలదు; సీతంపేట కొండల అనాసను రుచి చూచినవారు మనలో ఎందఱో గలరు. అనాసలో పువ్వును పిలుచు పదార్థమే పోవాలో పువ్వును అణచుట ప్రకృతిలోని ఆశ్చర్యములలో నొకటిగా నాకు తోచును. ఎంత గొప్ప మందైనను ఎవరికి, ఎప్పుడు, ఏ దశలో అను మూడు ప్రశ్నలకు లోబడియే పనిచేయును.

అయితే పోవా మన నేల గడ్డి కాదు. ఊటీవంటి చల్లని కొండలపై దానికి చోటు గలదు గాని, రోహిణీకార్తె యెండకు రాయి పగులు మన మెట్టలపై దానికి నిలువ నీడ లేదు. ఆ పుస్తకములలోని మార్చి, ఏప్రిల్ అను నెలలను పట్టుకొని మన పచ్చికపై పనిచేయుట, పొరుగూరి పంచాంగముతో మన యింట పెండ్లి చేయుటవంటిది. నేనట్లే చేసితిని గనుక ఈ మాట నొక్కి చెప్పుచున్నాను. యౌవనమున ఒక విద్యాలయపు ఆటస్థలము నా బాధ్యతకు వచ్చినప్పుడు, విదేశపు పుస్తకమొకటి ముందుంచుకొని, వేసవి మొదట నానావిధముల శ్రమపడి, వానలు పడిన పిదప ఇక పచ్చిక తనంతట తానే పెరుగునని నిశ్చింతగా నుంటిని. శ్రావణమున చూతును గదా, మైదానమున మూడవ వంతు కంకులతో నిండియుండెను. కూలివాండ్రను పిలిచి ఆ దినముననే కోయించితిని. కోసిన గడ్డిని ఆ చోటనే వదలివేసితిని. ఆ పక్కపొలము రైతొకరు, ఏబదియేండ్లు దాటినవారు, గట్టుమీద నిలిచి చూచి, “పొట్ట మీదున్నప్పుడే సూడాల బావూ. ఈనేసినాక కోసి ఏటి లాబం? గింజ కిందకి దిగిపోనాది,” అని యెంతో నొచ్చుకొనుచు చెప్పిరి. మఱుసటి తొలకరికి ఆ మైదానమున గరిక కంటె కలుపే యెక్కువగా మొలచినది. ఆయన మాటయందలి బాధ నాకప్పుడు తెలిసినది.

ఇక మన శత్రువును గుర్తెఱుగుదము. ఉత్తరాంధ్రపు పచ్చికలలో ముఖ్యమైనది చోడికి దాయాది యగు గడ్డి. మన అంబలికి ప్రాణమైన చోడియు, ఈ కలుపును ఒకే జాతిలోనివి; విజయనగరపు వ్యవసాయ పరిశోధనా స్థానమున చోళ్ళ క్రొత్తవంగడములకై కృషిచేసిన శాస్త్రజ్ఞుల పొలములోనే దీని నెవరైనను చూడవచ్చును. దీనిని ఊరూర వేఱుపేరుల పిలుతురు గనుక నేను చోడిదాయాది యనియే వ్యవహరింతును. మొక్క నేలకు బండిచక్రమువలె పఱచుకొనును. మొదలు బల్లపఱుపుగా నొక్కబడి, వెండివలె తెల్లగా నుండును. కంకి చోడివలెనే వ్రేళ్ళుగా చీలియుండును గాని ముడుచుకొనక సన్నగా చాచుకొనియుండును. కోతయంత్రము వచ్చినకొలది మఱింత అణగి పఱచుకొని, కత్తి క్రిందనే పూచుట దీని చాతుర్యము. దీని వేళ్ళపట్టు ఎంతటిదనగా, ముదిరిన మొక్కను చేతితో లాగినచో మన అరచేయి యెఱ్ఱబాఱునే గాని మొదలు కదలదు. రెండవది, ఇసుకనేలలలో, సముద్రపు చేరువ నెక్కువగా కానవచ్చునది, కాకిపాదమువలె కంకి చీలినది. మూడవది, నడిచినవాని పంచెయంచును గింజలముండ్లతో కుట్టివేయునట్టి గడ్డి; దాని పూతను అశ్రద్ధచేసినచో మైదానమునకు వచ్చినవారే దాని విత్తనములను ఊరూర మోయుదురు.

తుంగను ఈ లెక్కలో చేర్పకుడు. అది గడ్డివలె కనబడును గాని గడ్డి కాదు. కాడను వ్రేళ్ళనడుమ దొర్లించి చూడుడు; మూడంచులు తగులును. దాని పువ్వు కోసినను, కోయకపోయినను, భూమిలోని గడ్డలగొలుసు నుండి అది మరల వచ్చును. వైద్యులు తుంగముస్తెలని గౌరవించు ఆ గడ్డలే దాని విత్తనపు మూట. పూతను గూర్చిన శ్రమ తుంగపై వ్యర్థము.

ఇప్పుడు పంచాంగమునకు వత్తము. మృగశిర ప్రవేశించిన పిదప నేల తడిసి నిలిచిన మొదటి వాన ఏనాడు పడినదో గోడమీద వ్రాసికొనుడు. ఆనాటినుండి వారము పది దినములలో చోడిదాయాది రెండాకులు వేయును. ఆరుద్రలో పిలకలు తొడుగును. నెల తిరిగి కొన్ని దినములు గడచునప్పటికి, అనగా పునర్వసు నడుమ నుండి పుష్యమి వఱకు, పొట్ట కట్టును. ఎత్తైన మెట్టకును పల్లమునకును, వాన ముందువెనుకల బట్టియు నాలుగైదు దినముల భేదముండును. కావున గోడమీది తిథి దారి చూపునది మాత్రమే. తీర్పు చెప్పునది మీ వ్రేలు. ఉదయమున మంచు ఆఱకముందు మైదానమునకు వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుండి, వేఱువేఱు తావులలో పది మొక్కల నెన్నుకొనుడు. ఒక్కొక్కదాని నడిపిలకను మొదట నొక్కుడు. లోపల చిన్న బిరుసు తగిలినచో గోటితో ఆకుదొన్నెను నిలువుగా చీల్చి చూడుడు. లేతాకుపచ్చ పొరల నడుమ దూదిపోగువలె తెల్లనిదియు, రెండు మూడు కొనలుగా చీలినదియు కనబడినచో అదియే పొట్ట. పదింటిలో ఒక్కదానియందు కనబడినను ఆ దినముననే పని ప్రారంభింపవలెను. తక్కిన తొమ్మిది మిమ్ము వేచియుండవు. మొదట పది దినములు ఏమియు తెలియదు. పదునొకండవ నాడు వ్రేలు తానుగా చెప్పుట మొదలిడును. ఈ యభ్యాసమునకు ప్రత్యామ్నాయమును నేనెఱుగను.

పని యనగా ఏమి? చిన్నమైదానమున బొరిగతో పెకలించుటకు సాటి యగునది లేదు. ముందురోజు వానపడి నేల మెత్తబడినప్పుడు, బొరిగ మొనను మొదలికి అంగుళము దూరమున దించి, తెల్లని మొదలు పూర్తిగా వచ్చునట్లు ఎత్తవలెను. పైన తెంపినచో క్రిందనుండి నాలుగు పిలకలు వచ్చును. ఎత్తిన గుంతను ఆ క్షణముననే ఇసుకతో, గరికకాడతో పూడ్చుడు. ఖాళీగా విడిచిన గుంత మఱియొక విత్తునకు ఆహ్వానము. కంకి వెడలినది ఒకటి రెండు కానవచ్చినచో తట్టలో వేసికొని బయటికి కొనిపోవలెను; నేలపై వేయరాదు, కోసిన కంకి యందు సైతము గింజ ముదురుట కలదు గనుక. విత్తనపుమళ్ళలో కేళీలను, అనగా పరాయి మొక్కలను, ఏరు రైతు ఆ మొక్కలను మడిలోనే పాఱవేయునా? గడ్డిని పశువులకు వేసి, ఆ గత్తమును మరల పచ్చికకే తోలుట ఇంకొక పొరపాటు. పలు కలుపుల గింజలు పశువు కడుపు దాటి బ్రతుకును. చక్కగా మాగిన గత్తము తప్ప పచ్చికకు తగదు.

పెద్ద మైదానమున యంత్రము వలన ఒక ప్రత్యేకప్రమాదము గలదు. కంకులున్న తావును కోసిన యంత్రము శుభ్రమైన తావునకు వెళ్ళినప్పుడు, దాని చక్రములకును కత్తులకును అంటిన గింజలు వెంట వెళ్ళును. శుభ్రమైన తావును మొదట కోసి, కలుపు తావును చివర కోయుట, ఆ పిదప యంత్రమును ఒక మూల కడుగుట, ఈ రెండును ఖర్చులేని పనులు. గడ్డిలో మూడవవంతునకు మించి ఒకమాఱు కోయరాదను నియమమును పాటింపుడు. గరికను గుండు గీసినట్లు కోసినచో వెలుతురు మంటికి తగిలి, నిద్రించు గింజ మేల్కొనును.

అయితే పెకలింపులన్నియు ఒక యెత్తు, నేను చెప్పబోవునది ఒక యెత్తు. చోడిదాయాది ఎచ్చట మొలచునో ఒక కాగితముపై పటము గీసి చుక్కలు పెట్టుడు. ఆ చుక్కలు దారులను చూపును. ఒక గేటునుండి మఱియొక గేటునకు అడ్డముగా పోవు కాలిబాట, గోల్ఫులో ఆటగాండ్రు గుంటవీడి వెడలు మూల, బండ్లు తిరుగు మలుపు, క్రికెట్టులో బంతివేయువాడు పరుగెత్తివచ్చు పట్టె, ఇవియే దాని పురిటిగదులు. నేల త్రొక్కుడుపడి గట్టియైన చోట గరికవేరు ఊపిరాడక క్షీణించును. చోడిదాయాదికి ఆ గట్టితనము బాధింపదు. అనగా కలుపు గరికను జయించుటలేదు, గరిక విడిచిన చోట ఆక్రమించుచున్నది. విజయనగరపు మెట్టయందలి ఎఱ్ఱనేల వానకు మెత్తబడి, ఎండకు ఇటుకవలె బిగియును. అందున్న మైదానములకు ఈ వ్యాధి మఱింత యెక్కువ. దీనికి తొలకరికి ఆఱు వారముల ముందుగా, నీటివసతి యున్నచో, బోలుమొనల పరికరముతో నేలకు రంధ్రములు చేసి, మట్టిపెళ్ళలను తీసివేసి, ఇసుక నింపి, తడిపి, గరిక కూడుకొనుటకు వ్యవధి నీయవలెను. వానలు మొదలైనవెంటనే ఈ పని పెట్టుకొన్నచో మనమే విత్తునకు దున్ని యిచ్చినట్లగును.

బాటను గూర్చియు ఒకమాట. నడచువారిని అదలించుటవలన బాట మాఱదు. నలువది గజముల త్రాడును రెండు గుంజలకు కట్టి, పదునైదు దినములకొకమాఱు దాని స్థానము మార్చినచో, జనము మనతో తగవులాడకయే కొంచెము ఎడముగా నడచెదరు. పాతబాట విశ్రాంతి పొంది గరిక నల్లుకొనును. పిల్లలు రోజును దాటు దారి మాత్రము మానదు. అచట రాళ్ళు పఱచి దారిగా అంగీకరించుటయే మేలు.

వేపచెట్టు నీడలో గరిక పల్చనగుటను చూచి ఎరువు వేయువారు గలరు. గరిక యెండకు పుట్టినది. నీడలో ఎరువు కలుపునే పోషించును. నీడపోయినచోటనైనను వెంటనే మేలు కలుగదు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ తుఫానునకును, 2018 అక్టోబరు 11న పలాస చేరువ తీరముదాటిన తిత్లీకిని మన జిల్లాలలో చెట్లు కూలిన తావుల దృశ్యము పలువురికి గుర్తుండియుండును. ఏండ్లతరబడి నీడలోనున్న నేలకు ఒక్కమాఱుగా వెలుగు సోకినచో మొదట లేచునది కలుపే. అట్టిచోట చెట్టు తొలగించిన వారములోనే గరికకాడలు నాటవలెను. పొలముగట్టు నుండి తెచ్చిన కాడలైనచో వేళ్ళమన్ను దులిపి, కడిగి మఱి నాటవలెను.

మందులను గూర్చి కొలదిగా చెప్పి విడుతును. పెండిమిథాలిన్ వంటివి మొలకకు ముందు నేలపై చల్లవలసినవి. మొలిచినదానిపై వాని ప్రభావము లేదు. క్రొత్తగా గరిక నాటినచోట చల్లినచో గరికవేరే కుంటువడును. డబ్బాపై ముద్రించిన మోతాదును దాటకుడు. చెఱువునకు, బావికి దూరముగా నుండుడు. గ్లైఫోసేటు గరికను కూడ చంపును. అదియునుగాక, ఒకే మందును ఏటేట చల్లుచుండగా, దానిని తట్టుకొను చోడిదాయాది 1997లో మలేషియా తోటలలో బయల్పడినది. ఎదుగుదలను అణచు మందులు కొన్ని గలవు. అవి మొక్కలోని గిబ్బరెల్లిన్ అను పదార్థమును తగ్గించుట ద్వారా పనిచేయును. ఆ పదార్థపు జాడ 1926లో జపాను శాస్త్రజ్ఞుడొకరు వరినాఱును అసహజముగా పొడుగుచేయు తెగులును పరిశీలించుచుండగా తెలిసినది. గోల్ఫు పచ్చికకు పనికివచ్చిన ఆ విజ్ఞానమునకు పుట్టినిల్లు వరిమడియే యగుట మన రైతులు వినదగిన ముచ్చట.

నేను చెప్పిన ఆటస్థలమున, ఆ రైతు మాట వినిన మఱుసటి సంవత్సరము నుండి, పుష్యమి మొదలు ఆశ్లేష ముగియువఱకు ప్రతి ఉదయమును ఇద్దఱు కుఱ్ఱవాండ్రతో కలిసి తట్ట, బొరిగ పట్టుకొని తిరిగితిమి. మొదటియేడు దినమునకు ఆఱేడు తట్టలు నిండెడివి. మూడవయేట ఒక తట్ట నిండుట కష్టమయ్యెను. అయిదవయేట, మఖకార్తె మొదటి వారమున, ఆ రైతును గట్టుమీదినుండి పిలిచి పచ్చిక చూపితిని. ఆయన చెప్పులు విడిచి లోనికి వచ్చి, నడుమకు నడచి, వంగి, ఒక పిలక మొదటిని నొక్కి చూచి, “ఇది గరికే,” అని చేయి దులుపుకొనిరి. పిదప గేటుకడ కాలిబాట ప్రక్కన నిలిచి, నా కంటబడని రెండు మొక్కలను చూపి, బొరిగకై చేయి చాచిరి.